భీమవరం స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు: ‘నుంచి’ దగ్గర బాగుంది, ‘ఒక’ దగ్గర తేలిపోయింది

భీమవరంలో నడిచే రెండు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఇది. పొద్దున ఆరున్నరకి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరింటికి ఒకటి. క్లాసు గంటన్నర, ఆదివారం సెలవు. ఫీజు 4,000 రూపాయలు, మెటీరియల్‌కి ఇంకో 300. మెటీరియల్ అంటే స్పైరల్ బైండింగ్ చేసిన జెరాక్స్ పుస్తకం. సెంటర్ పేరు రాయడం లేదు. తణుకు, పాలకొల్లు, అమలాపురం, కాకినాడల్లో ఇలాంటివి వీధికొకటి ఉన్నాయి, ఇక్కడ చెప్పే మంచీ చెడూ వాటిని ఎంచుకునేటప్పుడు కూడా పనికొస్తాయి.

చేరేవాళ్ళు రకరకాలు: ఇంటర్ అయిన పిల్లలు, క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం బీటెక్ వాళ్ళు, రొయ్యల ఎగుమతి కంపెనీల్లో మెయిళ్ళు రాయాల్సి వస్తున్నవాళ్ళు, కోనసీమ వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళబోయేవాళ్ళు. మనుషులు వేరైనా తప్పులు మాత్రం దాదాపు ఒకే చోట పడతాయి, ఎందుకంటే అందరూ తెలుగు వాక్యం మీద నిలబడే ఇంగ్లీషు వాక్యం కడతారు. గోడ మీదేమో ‘తెలుగు మర్చిపోండి, ఇంగ్లీషులో ఆలోచించండి’ అని పెద్దక్షరాల బోర్డు. ఈ కోర్సులో బాగా నడిచే పాఠాలన్నీ ఆ బోర్డు మాట విననివే. విన్నచోటల్లా పాఠం తేలిపోయింది.

ముందు బాగున్నవాటి సంగతి. ‘రెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనే వాక్యం తీసుకోండి. దీన్నుంచి పుట్టేది ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’. ఇందులో తప్పులు రెండు, రెండూ తెలుగులోంచి వచ్చినవే. మన ‘నుంచి’ ఇంగ్లీషులో మూడు చోట్లకి పోతుంది: ఊరి నుంచి అంటే ఫ్రమ్, 2019 నుంచి అంటే సిన్స్, రెండేళ్ళ నుంచి అంటే ఫర్. ఇక ‘ఉంటున్నాను’లో వర్తమానమే కనిపిస్తుంది కాబట్టి పిల్లలు ‘యామ్ లివింగ్’ అంటారు. మొదలైంది వెనకెప్పుడో, సాగుతున్నది ఇప్పుడు కూడా అనే సంగతిని తెలుగు ‘నుంచి’ మీదే వదిలేస్తుంది. ఇంగ్లీషు దాన్ని క్రియలో కూడా చూపించమంటుంది.

సారు దీన్ని బోర్డు మీద రెండు వరసలుగా విడగొడతారు. ‘ఎప్పట్నుంచి?’ అని అడిగితే తారీఖో వారమో గంటో జవాబుగా వస్తే సిన్స్. ‘ఎంతకాలంగా?’ అని అడిగితే అంకె, దాని పక్కన ఏళ్ళో నెలలో నిమిషాలో వస్తే ఫర్. ఆ తర్వాత తెలుగు వాక్యంలో ‘నుంచి’ కాలానికి తగిలి, పని ఇంకా సాగుతూ ఉంటే, యామ్‌ని చెరిపేసి హ్యావ్ బీన్ రాయాలి. ఈ వరసలో నలభై వాక్యాలు నోటితో చెప్పిస్తారు. ‘సంక్రాంతి నుంచి’, ‘మూడు వారాల నుంచి’, ‘పొద్దున్నుంచి’ అని కలిపి కొడతారు కాబట్టి గుడ్డిగా ఒకే జవాబు చెప్పడానికి వీల్లేదు. కోర్సు మొత్తంలో మేలైన పాఠం ఇదే.

రెండో మంచి పాఠం ‘వెళ్తాను’. ‘రోజూ చెరువుకి వెళ్తాను’, ‘రేపు చెరువుకి వెళ్తాను’: తెలుగులో క్రియ ఒక్కటే, తేడా అంతా రోజూ, రేపులో ఉంది. అందుకే ‘డైలీ ఐ విల్ గో టు ద పాండ్’ అనే వాక్యం డెల్టాలో ఏ ఇంటర్వ్యూలోనైనా వినిపిస్తుంది. అర్థమైపోతుందిలే అని వదిలేయడానికి లేదు. ‘మీ పనేమిటి?’ అని అడిగినవాడికి ‘ఐ విల్ ప్రిపేర్ ఇన్‌వాయిసెస్’ అని చెబితే, ఇప్పుడు చేయడం లేదు, ఇకముందు చేస్తాడట అని వాడు అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ సారు పద్ధతి సులువైనది: క్రియ చూడొద్దు, ముందు వాక్యంలో రోజూ పెట్టి చూడు, తర్వాత రేపు పెట్టి చూడు, ఏది అతికితే దాని ప్రకారం గో లేదా విల్ గో. వాక్యంలో ఆ మాట లేకపోయినా మనసులో పెట్టుకోవాలి. ‘ఐ యామ్ గోయింగ్ టు కాలేజ్ డైలీ’కి కూడా ఇదే మందు.

ప్రశ్నల డ్రిల్లు సగం బాగుంది. తెలుగులో ప్రశ్న వేయడానికి మాటల వరస కదపనక్కర్లేదు. ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అంటే చాలు, లేదా చివర ఒక ‘ఆ’ తగిలిస్తే చాలు. అందుకే ‘వేర్ యూ ఆర్ గోయింగ్?’ వస్తుంది. ఇక్కడ నేర్పే మెట్లు సరైనవి: మామూలు వాక్యంలో ఈజ్, ఆర్, విల్, క్యాన్ లాంటి సహాయక క్రియ ఉందా చూడు, ఉంటే దాన్ని కర్త ముందుకి లాగు. లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకదాన్ని తెచ్చి ముందు పెట్టు. తెచ్చాక కాలాన్ని అదే మోస్తుంది, అసలు క్రియని మొదటి రూపంలోకి దించేయి. చివరి మెట్టు మరిచిపోయినవాళ్ళే ‘డిడ్ యూ కేమ్?’ అంటారు.

మిగతా సగం దగ్గరే పేచీ. ఈ డ్రిల్లు పది రోజులు గట్టిగా చేసినవాళ్ళు కొత్త తప్పు మొదలుపెడతారు: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’. లాగడం అలవాటై, లాగకూడని చోట కూడా లాగుతారు. మెటీరియల్‌లో దీని ఊసే లేదు. చెప్పాలనుకుంటే ఆనవాలు తెలుగులోనే ఉంది. ‘వాడెక్కడున్నాడు?’ అన్నప్పుడు తిప్పాలి. ‘వాడెక్కడున్నాడో తెలీదు’ అన్నప్పుడు తిప్పకూడదు. క్రియ చివర ‘ఓ’ వచ్చిందంటే ఇంగ్లీషులో వరస తిన్నగానే ఉండాలి: ‘వేర్ హి ఈజ్’. ఎప్పుడొస్తారో, ఎంతవుతుందో, ఎవరు చెప్పారో, అన్నిటికీ ఇదే. అరగంటలో చెప్పగలిగే పాఠాన్ని, తెలుగు మర్చిపోమన్న పాపానికి, పోగొట్టుకున్నారు.

కాదు, లేదు ప్రశ్నలకి జవాబు చెప్పడం కూడా సిలబస్‌లో లేదు. ‘నిన్న కంటైనర్ పంపలేదా?’ అంటే మనం ‘అవునండి, పంపలేదు’ అంటాం. అడిగినవాడి మాట నిజమే అని ఒప్పుకోవడం తెలుగు పద్ధతి. ఇంగ్లీషుకి అడిగినవాడి మాటతో పనిలేదు, జరిగిందా లేదా అన్నదే లెక్క. పంపకపోతే ‘నో’. ఫోన్లో అవతలి కొనుగోలుదారు ‘డిడ్న్ట్ యూ సెండ్ ఇట్?’ అంటే ‘యెస్ సర్’ అన్నవాడు, పంపేశానని చెప్పినట్టే. ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఇది మిగతా గ్రామర్ మొత్తం కన్నా ముందు నేర్పాల్సింది.

ఇక అసలు బలహీనత ఆర్టికల్స్, అంటే ఏ, ఆన్, ద. నాలుగు క్లాసులు పోతాయి, నాలుగూ ఖాళీలు పూరించే అభ్యాసాలే. అచ్చు శబ్దం ముందు ఆన్ అనే నియమం ఒక్కటే ఒంటబడుతుంది. తెలుగులో ఆర్టికల్ అనే వస్తువే లేదు. ‘ఒక’ అంకె, అది కూడా సగం చోట్ల వాడం. ‘మా నాన్న రైతు’ అంటాం. ఆ వాక్యంలో ‘ఒక’ లేదు, ‘ఈజ్’కి సమానమైన క్రియ కూడా లేదు. అందుకని కొత్తగా వచ్చినవాళ్ళు ‘మై ఫాదర్ ఫార్మర్’ అంటారు. కొన్నాళ్ళకి ‘ఈజ్’ వస్తుంది, ‘ఏ’ అనే ఆర్టికల్ మాత్రం చాలామందికి రాకుండానే కోర్సు అయిపోతుంది. తెలుగు వాక్యంలో దానికి చోటే లేదు కాబట్టి, ఖాళీ గీత గీసి చూపిస్తే నింపుతారు. గీత లేనప్పుడు అక్కడొక ఖాళీ ఉందనే తట్టదు. ఖాళీలు పూరించే అభ్యాసం పనిచేయనిది అందుకే. పని జరగాలంటే ఆర్టికల్స్ అన్నీ తీసేసిన పేరా ఇచ్చి, గీతలు లేకుండా, ఎక్కడెక్కడ కావాలో వెతికి పెట్టమనాలి.

పెట్టేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ మాట అనగానే ఎదుటివాడు ‘ఏది?’ అని అడుగుతాడా? ‘లారీ వచ్చింది’ అంటే ‘ఏ లారీ?’ అనేటట్టయితే ఇంగ్లీషులో లారీ ముందు ఆర్టికల్ ‘ఏ’ పెట్టాలి. వాడికి ముందే తెలిసిన లారీ అయితే ద లారీ. లెక్కపెట్టలేనిదో బహువచనమో అయి, ప్రత్యేకించి ఫలానాది కాకపోతే ఏమీ వద్దు. తెలుగులో చిన్న ఆసరా కూడా ఉంది: ‘లారీ పంపాను’ అనడానికీ ‘లారీని పంపాను’ అనడానికీ తేడా చూడండి. ప్రాణం లేని వస్తువుకి ‘ని’ తగిలిస్తే సాధారణంగా అది తెలిసిన వస్తువే, అక్కడ ద వైపు మొగ్గొచ్చు. మనుషుల విషయంలో ఈ గుర్తు పనిచేయదు, వాళ్ళకి ‘ని’ ఎలాగూ పెడతాం. కొన్ని బట్టీ పట్టాల్సిందే: నదికి ద ఉంటుంది, ఊరికీ జిల్లాకీ ఉండదు. ‘ద గోదావరి’ అంటాం గానీ భీమవరానికి ముందూ వెస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్‌కి ముందూ ఏమీ పెట్టం.

ఇంత అవసరమైనదాన్ని నాలుగు క్లాసుల్లో నెట్టేసి, మొదటి వారం మొత్తం కర్త, క్రియ, కర్మ వరసకి పెట్టారు. తెలుగులో క్రియ చివర, ఇంగ్లీషులో మధ్యలో. రెండు భాషలకీ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఇదే కాబట్టి కష్టం కూడా ఇక్కడే ఉంటుందనుకున్నారు. 1957లో రాబర్ట్ లాడో అనే అమెరికన్ భాషావేత్త దాదాపు ఇదే అన్నాడు: సొంత భాషతో పోలినవి సులువు, వేరైనవి కష్టం. తర్వాత తరగతి గదుల్లో చూస్తే అది సగమే నిజమైంది. ‘ఐ రైస్ ఈట్’ అనేవాడు ఇంటర్ దాటాక దొరకడు. కనబడే తేడాని మెదడు తొందరగా పట్టేస్తుంది. ‘నుంచి’ లాగా, ‘వెళ్తాను’ లాగా, ఒకటే అనిపించి రెండయ్యే చోటే ఎక్కువకాలం తంటా. ఆ వారంలో మూడు రోజులు ఆర్టికల్స్‌కి ఇచ్చుంటే బాగుండేది.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ని పుస్తకం తప్పుల పట్టికలో వేసింది, కారణం చెప్పలేదు. పక్కన ఇచ్చిన తెలుగు ‘నేను ఇద్దరు అక్కలను కలిగి ఉన్నాను’. గోదావరి జిల్లాల్లోనే కాదు, ఎక్కడా ఎవరూ ఇలా మాట్లాడరు. తెలుగులో హ్యావ్ లాంటి క్రియ వాడుకలో లేదు. ‘నాకు ఇద్దరక్కలు’ అంటాం. అసలు ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలన్నీ ఒక గుంపుగా నేర్పాలి: నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు ఉంది, నాకు ఆకలేస్తోంది. వీటిలో ‘నాకు’ ఇంగ్లీషులో ఐ అవుతుంది, క్రియకి ఇంగ్ తగలదు: ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ హ్యావ్, ఐ యామ్ హంగ్రీ. ‘నిద్రొస్తోంది’కి ‘ఐ యామ్ ఫీలింగ్ స్లీపీ’ అనొచ్చు గనక మినహాయింపులు లేకపోలేదు, కానీ పదింట ఎనిమిది చోట్ల నిలబడే సూత్రం ఇది. హిందీవాళ్ళూ ఈ హ్యావింగ్ తప్పు చేస్తారు కాబట్టి నేరమంతా తెలుగుది కాదు.

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌కి స్కూలు పుస్తకంలోని పట్టికే జెరాక్స్ తీసి పెట్టారు. విల్ వుడ్ అవుతుంది, టుమారో ద నెక్స్ట్ డే అవుతుంది, సరే. మనవాళ్ళు పడే గుంట వేరు. ‘రేపు వస్తానని రాజు చెప్పాడు’ అంటాం. వచ్చేది రాజు, కానీ క్రియ ‘వస్తాను’, అంటే ‘నేను’ రూపం. అందుకే ‘రాజు టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అంటారు, వినేవాడు చెబుతున్న మనిషే వస్తాడనుకుంటాడు. ‘అని’ ముందున్న క్రియ ఎవరిదో వెతికి, ఆ మనిషిని హి గానో షి గానో మార్చాక మిగతా పట్టిక జోలికి వెళ్ళాలి. పట్టికకి ముందు ఈ ఒక్క మెట్టు చేరిస్తే చాలు.

చిన్నవి కొన్ని. పాలు, నీళ్ళు, వడ్లు మనకి బహువచనాలు, ‘ద మిల్క్ ఆర్’ అందుకే. ‘చెప్పు’ ఒక్కటే కాబట్టి టెల్, సే కలిసిపోయి ‘హి సెడ్ మీ’. ‘గురించి’ వల్ల ‘డిస్కస్ అబౌట్’, ‘మీద’ వల్ల ‘యాంగ్రీ ఆన్ మీ’. వీటిని పుస్తకం బాగానే ఏరింది, ఆ ఆరు పేజీలు దాచుకోదగ్గవి. ‘హి ఈజ్ హియర్ ఓన్లీ’ని మాత్రం ‘ఓన్లీ తీసేయండి’ అని వదిలేసింది. తీసేస్తే ‘ఇక్కడే’లోని ఒత్తు ఏమైపోవాలి? ఇంగ్లీషులో దాన్ని గొంతుతో హియర్ మీద వేయాలని చెప్పాలి కదా.

కనబడని తప్పు ఇంకొకటి ఉంది, ఏ సెంటరూ పట్టించుకోనిది. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్నప్పుడు మన విశేషణం నామవాచకానికి ముందుంటుంది. ఇంగ్లీషులో ‘ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే’, వెనకుంటుంది. ఇది తిరగేయడం ఇబ్బంది గనక మనవాళ్ళు తప్పు చేయరు, తప్పుకుంటారు: ‘ఎస్టర్‌డే వన్ బాయ్ కేమ్. హి ఈజ్ మై కజిన్.’ రెండు పొట్టి వాక్యాలు, రెండూ ఒప్పే, మార్కులు పోవు. 1974లో జాక్వెలిన్ షాక్టర్ అనే భాషావేత్త ఈ సంగతే చూపించింది. మన లాగే విశేషణ వాక్యాన్ని ముందు పెట్టే చైనీస్, జపనీస్ భాషలవాళ్ళు ఇంగ్లీషులో అలాంటి వాక్యాలే తక్కువ రాశారు, కాబట్టి తప్పులూ తక్కువ కనిపించాయి. ఎర్ర పెన్ను లెక్కలో వాళ్ళు బాగా వచ్చినవాళ్ళు! ఈ కోర్సులో రాతపని దిద్దేది తప్పుల సంఖ్యతోనే కాబట్టి, పొట్టి వాక్యాలు రాసినవాడికే ఫస్టు ర్యాంకు వస్తుంది. రోజుకి ఐదు ‘వచ్చిన, చేసిన, కొన్న’ వాక్యాలు తప్పనిసరిగా రాయించడమే దీనికి విరుగుడు.

తెలుగు మీద మోపకూడనివి కూడా ఉన్నాయి. ‘హి గో’ అని ఎస్ ఎగ్గొట్టడం తెలుగు ప్రభావమని సారు చెబుతారు. కాదు. వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని మన క్రియ కర్తని బట్టి మారుతూనే ఉంటుంది. ఏ మాతృభాషవాళ్ళయినా ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఎగ్గొట్టేదే ఆ ఎస్. పిట్ కోర్డర్ అనే భాషావేత్త 1967లోనే అన్నట్టు, తప్పంటే నేర్చుకునేవాడి బుర్రలో ఇప్పటికి ఏ నియమం కుదిరిందో చూపే ఆనవాలు. మాటకి మధ్యలో అడ్డుపడి దిద్దడం వల్ల ఆ ఆనవాలు పోతుంది, మాటా ఆగిపోతుంది. ఈ సెంటర్లో అడ్డుపడటం ఎక్కువే. వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, అదే వాక్యాన్ని సరైన రూపంలో తిరిగి అనడం మేలు.

మర్యాద గురించి ఒక్క క్లాసన్నా ఉండాల్సింది. గోదావరి జిల్లాల్లో ‘అండి’ లేకుండా వాక్యం ముగియదు. దాని చోట మనవాళ్ళు సర్ పెడతారు: ‘యెస్ సర్, ఐ సెంట్ సర్’. అది తప్పేం కాదు గానీ, ‘సెండ్ మీ ద రిపోర్ట్ సర్’ ఎన్ని సర్‌లు పెట్టినా ఆజ్ఞే. ‘కుడ్ యూ సెండ్ మీ ద రిపోర్ట్?’ అంటే సర్ లేకపోయినా మన్నన ఉంటుంది. మన మర్యాద క్రియ చివర, వాళ్ళది వాక్యం మొదట్లో.

బ్యాచ్ సైజు చూసి చేరండి. నలభై మంది ఉన్న బ్యాచ్‌లో గంటన్నరలో అరగంట పాఠం పోతే, మాట్లాడే వంతు మనిషికి ఒకటిన్నర నిమిషం. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించే రోజుల్లో అది పెరుగుతుంది, వారానికి రెండు రోజులే అలా చేస్తున్నారు. ఇంటర్వ్యూకి టెన్సులూ ప్రశ్నలూ సరిచేసుకోవాలనుకునేవాళ్ళకి డబ్బుకి తగ్గ కోర్సే. మెయిళ్ళు రాసేవాళ్ళకి చాలదు, ఆర్టికల్సూ పొడుగు వాక్యాలూ వేరే చోట నేర్చుకోవాలి.

మొదటి రెండు రోజులు డెమో ఉచితం. వెళ్ళినప్పుడు ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ ఎందుకు తప్పని అడగండి. ‘అది రూల్ అమ్మా’ అనే జవాబొస్తే ఇంకో సెంటర్ చూసుకోవచ్చు. చేరేటట్టయితే జనవరి బ్యాచ్ వద్దు. సంక్రాంతికి ముందూ వెనకా కలిపి పది రోజులు క్లాసులు సరిగ్గా జరగవు, జరగని క్లాసులు తర్వాత పెట్టరు. ఫిబ్రవరి బ్యాచ్‌కి ఫీజు అంతే.